ల కింద ల ఒత్తు

వీధిలో అందరికీ ఆమె జాగ్రత్తమ్మ. గుమ్మం దాటి బయటికి అడుగుపెట్టే మనిషికి "జాగ్రత్త" అని చెప్పకపోతే ఆమెకు ఆ పూట ముద్ద దిగేది కాదు. ఉత్తరాలిచ్చే అతనికి చెప్పేది, కరెంటు మీటరు చూసేవాడికి చెప్పేది, కిటికీలోంచి వచ్చి పాలు తాగిపోయే పిల్లికి కూడా చెప్పేది. వెళ్లినవాళ్లు వెళ్లినట్టు తిరిగి రారన్నది అరవై నాలుగేళ్లలో ఆమె నేర్చుకున్న పాఠం. తండ్రి చెప్పు తెగిందని కుట్టించుకోవడానికి వెళ్లి ఆస్పత్రిలో తేలాడు. భర్త ఓసారి స్టేషన్లో సీసాలో నీళ్లు పట్టుకొస్తానని దిగితే రైలు కదిలిపోయింది. ఆయన వెనకాల రైల్లో నిక్షేపంగా వచ్చాడనుకోండి, కానీ ఆ మూడు గంటలు ఆమెకు ఇంకా గడవనే లేదు. ఆ తర్వాత ఆరేళ్లకు ఆయన మంచం మీంచే వెళ్లిపోయాడు, జాగ్రత్త చెప్పే వ్యవధి కూడా ఇవ్వకుండా.

ఇక మిగిలింది చెల్లెలు. యాభై నాలుగేళ్లది, రివటలా సన్నగా ఉంటుంది, నోరు మాత్రం సన్నం కాదు. తల్లిని చూసుకుంటూ చూసుకుంటూ పెళ్లి మాట పక్కన పెట్టింది. తల్లి పోయాక, ఆ పక్కన పెట్టినదాన్ని ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది. అక్కచెల్లెళ్లిద్దరూ సైకిలు షాపు పైనున్న రెండు గదుల్లో ఉండేవారు. వెనక గది కాపురానికి, ముందు గది పనికి.

పని ఏమిటంటే పొరల బొమ్మలు. ఐదు రంగు కాగితాలు ఒకదాని మీద ఒకటి. ఒక్కో కాగితంలో ఒక్కో ఆకారం కోసి ఉంటుంది. పైదాని కన్నంలోంచి కిందిది కనిపిస్తుంది. మధ్య మధ్య చిన్న స్పాంజి ముక్కలు అంటించి ఎత్తు చూపించి, ఫ్రేములో బిగిస్తే బొమ్మలో చెయ్యి పెట్టొచ్చనిపిస్తుంది. పూర్వం ఇదంతా బ్లేడుతో చేత్తో కోసేవారు. మూడేళ్ల నుంచి జాగ్రత్తమ్మ కంప్యూటర్లో గీస్తుంది, వీధి చివర బోర్డులాయన షాపులో మెషీన్ కోస్తుంది, చెల్లెలు అంటిస్తుంది.

కంప్యూటర్ ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇటుకంత పుస్తకం ఒకటి తెచ్చుకుని, అరవై ఒకటో ఏట, వేలు పెట్టి వాక్యం వాక్యం చదువుకుంది. ఆ యంత్రం కరవదని నమ్మడానికే వారం పట్టింది. నేర్చుకున్నవన్నీ ఒక నోటుపుస్తకంలో సొంత మాటల్లో రాసుకునేది. అందులో మొదటి సూత్రం ఇది: "పైనున్నది కత్తి, కిందున్నది కాగితం. 'తీసెయ్' నొక్కితే కత్తి ఆకారంలో కన్నం పడుతుంది, కత్తి మాయమైపోతుంది. కత్తికి ముందే కాపీ తీసి దాచుకోవలెను." ఇది అనుభవం మీద రాసింది. మొదటిసారి ఆకాశం మీద చంద్రుణ్ణి పెట్టి మీట నొక్కగానే గుండ్రటి కన్నం మిగిలింది.

"చంద్రుడు పోయాడే," అంది గుండె పట్టుకుని.

"ఎక్కడికి పోతాడు, ఆ చుట్టుపక్కలే ఉంటాడు, వెతుకు," అంది చెల్లెలు జిగురు కలుపుతూ.

అక్షరాల సంగతి ఇంకా కష్టం. ఇంగ్లీషు అక్షరం ఒంటరి మనిషి, ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడుతుంది. తెలుగు అక్షరం సంసారి. తల మీద ఒకటి, చంకలో ఒకటి, కాళ్ల కింద ఒకటి. అక్షరాన్ని గీతగా మార్చిన క్షణంలో కింద ఉన్న ఒత్తు విడి ముక్కైపోతుంది. కాబట్టి కోసే ముందు అన్నింటినీ చుట్టూ ఒక పెట్టె గీసి పట్టుకుని, 'కలుపు' నొక్కి ఒకే ముక్క చేసుకోవాలి. ఒకసారి ఎవరి తల్లికో చేసిన బొమ్మలో "అమ్మకు" అన్నది "అమకు" అయి వచ్చింది. ఆ కొడుకు మంచివాడు కనుక తనకు నత్తి అనుకోమని తల్లికి చెప్పుకున్నాడు.

చెల్లెలి పుట్టినరోజు దగ్గరపడింది. ఈసారి ఎవరి ఆర్డరూ కాకుండా, చెల్లెలికే ఒక బొమ్మ చేద్దామని జాగ్రత్తమ్మకు పుట్టింది. తీగ మీద రెండు పిచ్చుకలు. ఒకటి సన్నం, ఒకటి లావు. లావుది తను. పది రోజులు, చెల్లెలు బజారుకు వెళ్లినప్పుడల్లా, దొంగతనంగా గీసింది. ప్రతి అంచూ నాలుగింతలు పెద్దది చేసి చూసుకుంది. కింద రాత: "చెల్లికి". అంతకంటే ఏం రాయాలో తోచలేదు. రాసినా చెల్లెలు ఎగతాళి చేస్తుంది.

అక్షరాలను ముందు 'చిత్తు' అని పేరు పెట్టిన పొరలో ఉంచుకోవడం ఆమె అలవాటు. కోత అయ్యాక ఆ పొర పక్కనున్న కన్ను గుర్తు మూసేస్తే అది కనిపించదు, బోర్డులాయన కనిపించినవే కోస్తాడు. ఆమె పెట్టె గీసి అక్షరాలను పట్టుకుంది. 'కలుపు' నొక్కింది, 'తీసెయ్' నొక్కింది. పైకాగితంలో అక్షరాల కన్నాలు పడ్డాయి, కింద నీలం కాగితం కనిపించింది. బాగుంది. అలవాటు ప్రకారం చిత్తు కన్ను మూసి, ఫైల్ సేవ్ చేసి, మళ్లీ చూడకుండా పెన్‌డ్రైవ్ పీకి రుమాల్లో మూట కట్టింది.

బోర్డులాయనది యాభై ఏడేళ్ల వయసు, భారీ మనిషి, భార్య పోయి పదేళ్లైంది. ఉన్న మాటలన్నీ బోర్డుల మీద రాసేసి, నోటికి ఏమీ మిగల్చుకోని మనిషి. జాగ్రత్తమ్మ ఆయన చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి గొంతు తగ్గించి చెప్పింది.

"ఇది కోసి, అంటించి ఫ్రేము కూడా మీరే వెయ్యండి. రేపు మా చెల్లి వస్తుంది. మీ చేత్తో ఆమె చేతికివ్వండి. ఏమీ చెప్పకండి. చూస్తే తనకే తెలుస్తుంది."

"సరే మేడమ్," అన్నాడాయన.

మర్నాడు చెల్లెలు షాపు నుంచి మెట్లెక్కి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"ఎండగా ఉందా?" అంది జాగ్రత్తమ్మ, ఏమీ ఎరగనట్టు.

"లేదు." చెల్లెలు స్టూలు మీద కూర్చుని కాగితం విప్పి ఫ్రేము ఒళ్లో నిలబెట్టింది. "చదువు."

జాగ్రత్తమ్మ నవ్వుమొహం సిద్ధం చేసుకుని వంగింది. చె. లి. కి. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. చెలికి. ల కింద ల ఒత్తు ఉండాల్సిన చోట తెల్లకాగితం హాయిగా, ఏ కన్నమూ లేకుండా ఉంది.

"ఆయన ఇచ్చారు," అంది చెల్లెలు.

"అంటే, ఇవ్వమని..."

"నోరు తెరిచి నాలుగు ముక్కలు అనలేదే అక్కా. చేతిలో పెట్టి, ఇది మీకు అని, గోడవైపు తిరిగిపోయారు. మూడేళ్లుగా వెళ్తున్నానా, ఆ మనిషి నాతో ఆడిన మాటలు మొత్తం పోగేస్తే ఒక చిన్న బోర్డు నిండదు. అందులో సగం 'రేపు రండి'. అలాంటిది, చెలికి అట. ఎంత ధైర్యం చేసుకుని ఉంటారో."

"ఇది ఆయనే చేశాడని నీకెలా తెలుసు?"

"అంచులు చూడు. ఎక్కడైనా వెంట్రుకంత సందుందా? మన పనిలో ఎప్పుడైనా ఇలా కుదిరి చచ్చిందా? ఇది చెయ్యి తిరిగిన మనిషి పని."

"మన పని మరీ అంత అధ్వాన్నంగా ఉంటుందా?"

"ఉంటుందని కాదు. నీ పని నీ పనే, ఆయన పని ఆయన పనే."

జాగ్రత్తమ్మ వేలు పెట్టి చూపించింది. "ఈ లావు పిచ్చుక?"

"ఆయనే. చూడు, మెడ లేదు."

జాగ్రత్తమ్మ చెయ్యి దానంతటదే తన మెడ దగ్గరికి వెళ్లింది.

"నువ్వేమన్నావు?"

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అన్నాను. ఎలా చెప్పాలో తెలీలేదన్నారు. వచ్చే నెల షాపు వాళ్ల అన్నగారి ఊరికి మార్చేస్తున్నారట, బస్సులో మూడు గంటలు. మెషీన్ పట్టే పెద్ద షెడ్డు దొరికిందట. 'మీకిష్టమైతే' అని అక్కడ ఆగిపోయారు. ఇక ఎంతసేపు చూస్తాను, మిగతా వాక్యం నేనే పూర్తి చేశాను." చెల్లెలు లేచి, తడిగుడ్డ తెచ్చి జిగురు బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఆ బల్ల తుడిచి నాలుగేళ్లైంది. తుడుస్తూ ఏదో కూనిరాగం తీసింది.

"అది నేను చేశానే, ఒత్తు పడలేదు." అంతే, ఆరు మాటలు కూడా లేవు. జాగ్రత్తమ్మ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. కూనిరాగం ఆగితే అందామనుకుంది. అది ఆగలేదు.

చెల్లెలు స్నానానికి వెళ్లగానే ఫైల్ తెరిచి చిత్తు పొర కన్ను విప్పింది. ఉంది. ఊరేగింపు వెళ్లిపోయాక జారిపోయిన చెప్పు కోసం వెతుక్కునేవాడిలా, ఒత్తు ఒక్కటే అక్కడ కూర్చుని ఉంది. తను గీసిన పెట్టె అక్షరాల నడుము దాకానే వచ్చింది, కింద వేలాడేదాన్ని అందుకోలేదు. అక్షరాలకు తను నీలం రంగే వేసింది, కింద కాగితమూ నీలమే. కోసిన మూడూ, కోయని ఒకటీ తెర మీద ఒక్కలాగే కనిపించాయి. కన్ను మూశాక ఇంకొక్కసారి చూసి ఉంటే తెలిసేది.

ఇక లెక్క చిన్నదే. నిజం చెప్తే చెల్లెలు ఇక్కడే ఉంటుంది. చెప్పకపోతే మూడు గంటల దూరం పోతుంది. ఇంత తేలిక లెక్క ఆమె జన్మలో ఎదురవలేదు. కానీ చెప్పాక చెల్లెలి మొహం ఎలా ఉంటుందో అనుకునేసరికి లెక్క తప్పేది. ఉంటుంది సరే, ఎలా ఉంటుంది?

నాలుగు రోజులు ఆమె చేతిలో పని నిలవలేదు. కళ్లజోళ్ల షాపువాళ్లు కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ అడిగారు. ఆమె కళ్లజోడును కత్తి చేసి కళ్ల మీద పెట్టి 'తీసెయ్' నొక్కి పంపేసింది. షాపాయన ఫోన్ చేశాడు.

"అమ్మా, మా కళ్లజోడు పెట్టుకున్నాక కళ్లు పోయిన గుడ్లగూబను మా షాపులోనే వేలాడదీయమంటారా?"

"ఏమైందే నీకు?" అంది చెల్లెలు. "పెళ్లి నాది, మతి పోయింది నీకు."

"ఆ ఊళ్లో నీళ్లు ఉప్పగా ఉంటాయేమో."

"ఉప్పు తక్కువేసి వండుతాలే."

ఐదో రోజు చెల్లెలు రంగు కాగితాలకు బజారు వెళ్లింది. జాగ్రత్తమ్మ పెన్‌డ్రైవ్ రుమాల్లో కట్టుకుని వీధి చివరికి నడిచింది. షాపులో సగం బోర్డులు అప్పుడే గోనెసంచుల్లో చుట్టి ఉన్నాయి.

"రండి వదినగారూ," అన్నాడు బోర్డులాయన లేచి. పోయిన వారం దాకా మేడమ్. ఆ వదినగారు సూదిలా దిగింది.

"అలా పిలవకండి. ముందు నేను చెప్పేది వినండి." ఆమె పెన్‌డ్రైవ్ ఆయన కంప్యూటర్‌కు గుచ్చి, ఫైల్ తెరిచి, చిత్తు కన్ను విప్పింది. తెర మీద ల కింద ఒత్తు ప్రత్యక్షమైంది. "నేను రాసింది చెల్లికి. పుట్టినరోజుకి. నా చేతకానితనం వల్ల ఒత్తు మీదాకా రాలేదు."

ఆయన తెర వంక చూశాడు, ఆమె వంక చూశాడు, కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

"అంటే, మీరడిగింది సంబంధం కాదా?"

"సంబంధమా? నేనెప్పుడడిగాను?"

"మీ చేత్తో ఆమె చేతికివ్వండి అన్నారు. ఏమీ చెప్పకండి, చూస్తే తనకే తెలుస్తుంది అన్నారు. రెండు పిచ్చుకలు. కింద చెలికి. పెద్దావిడ, నోటితో అడగలేక కాగితంతో అడుగుతున్నారనుకున్నాను." ఆయన ఒక్క దమ్మున అన్ని మాటలాడటం ఆ వీధిలో ఎవరూ విని ఉండరు.

"ఆ లావు పిచ్చుక నేను," అంది జాగ్రత్తమ్మ.

"నేననుకున్నాను," అన్నాడాయన.

భారీ మనుషులిద్దరూ కాసేపు ఒకరినొకరు చూడకుండా కూర్చున్నారు.

"చెల్లికి అనుంటుందని మీకు తట్టనేలేదా? అక్షరాలతో బతికే మనిషి."

"వచ్చింది వచ్చినట్టు కోయడమే నా అలవాటండి. ఒకసారి ఒక డాక్టరు గారి బోర్డులో తప్పుందని దిద్దాను. అది వాళ్ల ఇంటిపేరట."

జాగ్రత్తమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. నవ్వడానికి రాలేదు తను. "సరే, పెద్దావిడ అడిగిందని మొహమాటానికి ఒప్పుకున్నారా? మొహమాటమైతే ఇప్పుడే చెప్పేయండి. ఏమీ అనుకోను." ఈ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో ఆశ దాగలేదు.

ఆయన మెషీన్ మీది దుమ్ము చేత్తో తుడిచాడు. తర్వాత అన్నాడు, "ఆమె వచ్చే రోజు పాత బ్లేడు పెట్టేవాణ్ణి."

"ఏమిటి?"

"కొత్త బ్లేడైతే పావుగంటలో కోసేస్తుంది. పాతదైతే ఒక్కో కాగితం రెండుసార్లు తిప్పాలి. గంట పడుతుంది. అంతసేపూ ఆ బల్ల మీద కూర్చునేవారు."

జాగ్రత్తమ్మ మెల్లగా లేచి నిలబడింది. "మూడేళ్లు. మూడేళ్లుగా మా చెల్లి నన్ను తిడుతోంది, నా అంచులు చీరుకుపోతాయని, నా గీత వంకరని. నేను రాత్రింబవళ్లు ఆ పుస్తకం మళ్లీ మొదటి నుంచీ చదివాను. అది మీ మొద్దుబ్లేడా?"

"మీ బొమ్మకు కొత్తది వేశానండి. ఆమె కూర్చుని లేరుగా."

కోపం రావాల్సిన చోటికి రాలేదు. అక్కడ అప్పటికే ఇంకేదో చోటు చేసుకుంది. ఆమె మళ్లీ కూర్చుంది. ఆయన మౌస్ మీద చెయ్యి వేసి, ఒత్తు వైపు చూపించి, నెమ్మదిగా అడిగాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారు? ఒత్తు పెట్టి మళ్లీ కోయమంటారా?"

"ఏం కోయడం?" అంది గుమ్మంలోంచి చెల్లెలు. చంకలో కాగితాల చుట్ట ఉంది. అక్కను అక్కడ చూసి ఆగింది. తర్వాత తెర చూసింది. లోపలికి వచ్చి, దగ్గరగా వంగి, పెదవులు కదుపుతూ చదివింది. చెల్లికి. ఎవరూ ఏమీ వివరించనక్కర్లేకపోయింది. ఫైల్ మీద అక్క పెట్టిన పేరు కూడా కనిపిస్తోంది: 'చిన్నదాని పుట్టినరోజు'.

కాగితాల చుట్ట నేల మీద నిలబెట్టి, దాన్నే పట్టుకుని నిలబడింది చెల్లెలు.

"అంటే ఈయన నాకేమీ ఇవ్వలేదన్నమాట," అంది. "నేనే వాక్యం పూర్తి చేసేశాను."

బోర్డులాయన లేచాడు. నోరు తెరిచాడు. ఇందాక ఉన్నదంతా వదినగారి దగ్గర ఖర్చైపోయినట్టుంది, గాలి తప్ప ఏమీ రాలేదు. జాగ్రత్తమ్మ ఆయన వైపు చూసింది. ఇప్పుడు తను ఊరుకుంటే చాలు. చెల్లెలు కాగితాలు చంకన పెట్టుకుని ఇంటికి వస్తుంది, నాలుగు రోజులు మాట్లాడదు, ఐదో రోజు జిగురు కలుపుతుంది. ఏ అబద్ధమూ ఆడక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

"బ్లేడు సంగతి చెప్పండి," అందామె.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల అడ్డంగా ఊపాడు.

"చెప్పండయ్యా బాబూ. నేను చెప్తే ఏం బాగుంటుంది." ఆయన చెప్పలేదు. జాగ్రత్తమ్మ నిట్టూర్చి చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వొచ్చే రోజు ఈ మనిషి మెషీన్‌కి మొద్దుబ్లేడు పెట్టేవాడటే. పని తెమలకూడదని. నువ్వు గంటసేపు ఆ బల్ల మీద కూర్చుంటావని. మూడేళ్లు. నా అంచులు బలి."

చెల్లెలు బల్ల వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది.

"నిజమా?"

ఆయన తల ఊపాడు.

"నడుం పట్టేసేది నాకు ఆ బల్ల మీద," అంది చెల్లెలు.

"దిండు వేద్దామనుకున్నాను. ఏమనుకుంటారో అని," అన్నాడాయన.

చెల్లెలి మూతి ఒక పక్కకు లాక్కుపోయింది. నవ్వో ఏడుపో తేలకముందే మొహం అక్క వైపు తిప్పుకుంది. "మరి నువ్వేమంటావు? ఆయన నిన్నేగా అడిగారు. ఒత్తు పెట్టి మళ్లీ కోయించమంటావా?"

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. తెర మీద ఒత్తు అలాగే ఉంది. జాగ్రత్తమ్మకు ఒక్కొక్కరుగా గుమ్మం దాటి వెళ్లినవాళ్లంతా కళ్లలో మెదిలారు. వాళ్లలో ఎవరూ వెళ్లమంటావా అని ఆమెను అడిగి వెళ్లలేదు. ఇదే మొదటిసారి. అడిగితే ఇంత కష్టంగా ఉంటుందని ఆమెకు తెలియదు.

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎంతసేపు తుడిచినా మసక పోలేదు.

"ఎందుకే మళ్లీ," అంది చివరికి. "కాగితం దండగ."

చెల్లెలు వచ్చి ఆ బల్ల మీద, అక్క పక్కన, ఇరుక్కుని కూర్చుంది. జాగ్రత్తమ్మ ముక్కు ఎగబీల్చి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పింది.

"షెడ్డుకీ ఇంటికీ ఎంత దూరం?"

"పక్కనే వదినగారూ."

"మెట్లున్నాయా?"

"నాలుగు."

"పట్టుకోడానికి కమ్మీ ఉందా?"

"వేయిస్తాను."

"దగ్గర్లో డాక్టరు?"

"ఉన్నారు. ఆయన బోర్డు నేనే రాశాను."

"తప్పులు దిద్దకుండానేగా?" అంది చెల్లెలు.

జాగ్రత్తమ్మ అన్నీ రాసుకుంది. నీళ్లు, దొంగలు, కుక్కలు, వానాకాలంలో రోడ్డు. ప్రశ్నలు పేజీ దాటాయి. బోర్డులాయన ఒక్కదానికీ విసుక్కోకుండా, ఒక్కో మాటతో, అన్నింటికీ జవాబు చెప్పాడు. చివరికి పెన్సిల్ మొన చూసుకుని అడిగింది.

"ఇక్కణ్ణుంచి ఆ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి?"

"ఏడున్నరకి."

"మొదటిది?"

"ఐదుంపావుకి. తెల్లారి."

ఆమె రెండూ రాసుకుంది. ఐదుంపావు కింద రెండు గీతలు గీసింది.